చక్కెర బదులు తేనె: నల్లమల తేనెతో ఏడాదిగా ఇంట్లో కేకులు చేశాక

చాలామంది వెతికేది దీని కోసమే కాబట్టి ముందే చెప్పేస్తాను. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు కూడా తినొచ్చు అనే ఆశతో చక్కెర తీసేసి తేనె పోయాలనుకుంటే వద్దు. నేను మొదలుపెట్టింది సరిగ్గా అందుకే. మా అత్తమ్మకు పదేళ్ళ నుంచి షుగర్, కేక్ అంటే చాలా ఇష్టం. పాప పుట్టినరోజుకు కేక్ కోసినప్పుడల్లా ఆమె ప్లేటు పక్కకు జరిపేస్తుంటే చూడలేక, పక్కింటి అక్క "తేనెతోని చేస్తే ఏం గాదు, మా ఇంట్ల అందరం తింటం" అనగానే మరునాడే తేనె సీసా తెచ్చాను. రెండు నెలలు వారానికో కేక్ చేశాను, అత్తమ్మ సంతోషంగా తిన్నది. ఆ తర్వాత పరీక్ష చేయిస్తే షుగర్ పెరిగింది. డాక్టర్ గారు విసుక్కోలేదు, "తేనె కూడా చక్కెరేనమ్మా, లెక్కలో వేసుకోవాల్సిందే" అన్నారు, అంతే. ఆ రోజు నాకు చాలా బాధేసింది, ఎందుకంటే కేక్ ముక్క ఆమె చేతిలో పెట్టింది నేనే.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఒక కప్పు చక్కెర దాదాపు 200 గ్రాములు. అదే కప్పు నిండా తేనె పోస్తే 340 గ్రాముల దాకా తూగుతుంది, తేనె అంత బరువు. 100 గ్రాముల చక్కెరలో 387 కేలరీలుంటే తేనెలో 304, ఇది చూసే అందరూ తేనె తేలిక అనుకుంటారు. కానీ కప్పుకు కప్పు పోస్తే చక్కెరవి 774, తేనెవి 1030 పైనే. పోనీ అందరూ చెప్పినట్టు ముప్పావు కప్పే పోద్దామంటే అది 255 గ్రాములు, అంటే 775 కేలరీలు. అటూ ఇటూ సమానం. తేనెలో నీళ్ళు పోను నూటికి 80 పాళ్ళకు పైగా ఉండేది చక్కెరలే, ఎక్కువ ఫ్రక్టోజు, దాని తర్వాత గ్లూకోజు. గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, చక్కెరకు 65 దగ్గర ఉంటే తేనెకు 60 దగ్గర, అదీ తేనె రకాన్ని బట్టి మారుతుంది. ఆ కాస్త తేడాను నమ్ముకుని షుగర్ ఉన్నవాళ్ళకు రెండు ముక్కలు ఎక్కువ పెడితే ఏం లాభం లేదు, నష్టమే. ఇప్పుడు అత్తమ్మకు చిన్న ముక్క, అదీ ఆ పూట అన్నం తగ్గించుకుని. తేనెదైనా చక్కెరదైనా అంతే.

ఇంత తెలిశాక కూడా నేను తేనె మానలేదు. కారణం రుచి. కేక్ మూడో రోజుకు కూడా మెత్తగా ఉండటం ఇంకో కారణం. ఈ రెండింటి కోసమైతే తేనె నిజంగా పనికొస్తుంది, కాకపోతే ఏ తేనె అన్నదాన్ని బట్టి అంతా మారిపోతుంది. ఈ ఏడాదిలో మూడు రకాలు వాడాను.

మొదటిది సూపర్ మార్కెట్లో దొరికే ఒక పెద్ద కంపెనీ తేనె. లేత బంగారు రంగు, పల్చన, ఎప్పుడూ పేరుకోదు. తీపి ఉంది, అంతకుమించి ఏమీ లేదు. దీనితో చేసిన కేక్‌ను మా వాళ్ళకు చెప్పకుండా పెడితే తేనె వేశానని ఒక్కరూ పట్టుకోలేదు. ఓవెన్ వేడికి ఉన్న కాస్త వాసన కూడా పోతుంది. అలాంటప్పుడు చక్కెరకు ఎన్నో రెట్లు డబ్బు పెట్టి పోయడం ఎందుకో నాకు అర్థం కాలేదు. తేనెలో కల్తీ సంగతి కూడా అందరికీ తెలిసిందే, 2020 డిసెంబర్‌లో ఢిల్లీలోని సీఎస్‌ఈ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయిస్తే అన్ని పరీక్షలూ దాటినవి మూడే. మనం ఇంట్లో చేసే పరీక్షలు, నీళ్ళ గ్లాసులో చుక్క వేయడం, అగ్గిపుల్ల ముంచి గీయడం, చీమలు పడతాయా అని చూడటం, ఇవేవీ కల్తీని పట్టలేవు. చక్కెర పాకాన్ని కూడా నీళ్ళలో అడుగుకు దిగేంత చిక్కగా కాయొచ్చు కదా.

రెండోది శ్రీశైలం నుంచి వస్తూ రోడ్డు పక్కన కొన్నది. తుట్టె ముక్క పక్కన పెట్టి, బకెట్లోంచి మన కళ్ళ ముందే సీసాలో పోసిచ్చారు. రంగు బాగుంది, వాసన బాగుంది, నమ్మి రెండు సీసాలు కొన్నాను. ఇరవై రోజులకు మూత తీస్తే బుస్సుమని గాలి వచ్చింది, పైన నురగ, పులిసిన వాసన. తేనెలో నీటి శాతం ఎక్కువుంటే అందులోని ఈస్ట్ మేల్కొని పులియబెడుతుంది. మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు 20 శాతం, అంతకు మించకూడదు. పూర్తిగా మైనం మూసుకోని తుట్టె గదుల్లోంచి పిండినా, నీళ్ళు కలిపినా ఇలా అవుతుంది. ఆ రెండు సీసాలూ పారబోయాల్సి వచ్చింది. రోడ్డు పక్కన అమ్మేవాళ్ళందరూ అలాంటివాళ్ళే అనను, మంచి తేనె దొరికిన వాళ్ళూ ఉన్నారు, కానీ కేక్ కోసం అక్కడ కొనే ధైర్యం నాకు మళ్ళీ రాలేదు.

మూడోది, నేను ఇక్కడ ఇంత రాయడానికి కారణమైంది, గిరిజన సహకార సంస్థ తేనె. మా మరిది అచ్చంపేట వైపు టీచరు, ఆయన తెచ్చిచ్చాడు. అందరం జీసీసీ తేనె అంటాం. అమ్రాబాద్, మన్ననూరు అడవుల్లో చెంచులు తీసే తేనెను వాళ్ళ దగ్గర ఈ సంస్థ కొంటుంది. సీసా తెరవగానే తేడా తెలిసింది. ముదురు రంగు, దాదాపు బెల్లం పాకం అంత. నాలుక మీద పెడితే మొదట తీపి, వెంటనే కాస్త వగరు, చివర్లో గొంతులో చిన్నగా మంట. అత్తమ్మ వేలికొసతో నాకి "గిది తేనంటే, మా అమ్మ ఇంట్ల గిట్లనే ఉండె" అన్నది. ఒక్కో సీసా ఒక్కో రంగులో రావచ్చు, అడవిలో ఏ చెట్టు పూస్తే ఆ పూల తేనె కాబట్టి. చలికాలంలో అడుగున రవ్వరవ్వగా పేరుకుంది కూడా. అది కల్తీ అనుకుని పారేయకండి, గ్లూకోజు గడ్డకట్టడం అంతే, సీసాను గోరువెచ్చని నీళ్ళలో అరగంట నిలబెడితే మళ్ళీ కరుగుతుంది. పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు.

ఈ తేనె గురించి ఒక మాట. నల్లమలలో పెద్ద తేనెటీగలు ఎత్తైన కొండ చరియలకు పెట్టే తుట్టెల కోసం చెంచులు తాళ్ళు కట్టుకుని దిగుతారు, పైన తాడు కనిపెట్టుకుని ఉండేది బావమరిది అని చెప్తారు, చెల్లెలి బతుకు ఆ తాడు మీదే ఉంటుంది కాబట్టి ఆయన చెయ్యి వదలడని. అది విన్నప్పటి నుంచి ఈ తేనెను కొలిచేటప్పుడు గరిటెకు అంటింది కూడా వేలితో తీసి గిన్నెలో వేస్తున్నాను.

ఇక కేక్ సంగతి. చక్కెర తీసి తేనె పోస్తే అంతా అలాగే వస్తుందనుకుంటే మొదటి కేక్‌కే టెన్షన్ పట్టుకుంటుంది. నాది పైన నల్లగా, లోపల ముద్దగా వచ్చింది. తేనెలో ఫ్రక్టోజు ఎక్కువ, అది చక్కెర కంటే చాలా తక్కువ వేడికే రంగు మారుతుంది. అందుకే మామూలుగా 180 డిగ్రీల మీద చేసే కేక్‌ను 165 మీద పెట్టాలి, మా ఓటీజీ (కరెంటు ఓవెన్) పై కడ్డీ కొంచెం గట్టిగా కాలుతుంది కాబట్టి నేను 160 పెడతాను, 25 నిమిషాలయ్యాక పైన ఫాయిల్ కప్పేస్తాను. తేనెలో ఎలాగూ 17, 18 శాతం నీళ్ళుంటాయి కాబట్టి పాలో పెరుగో తగ్గించాలి, ఒక కప్పు తేనెకు పావు కప్పు ద్రవం తగ్గించడం లెక్క. చక్కెర ఒక కప్పు రాసి ఉన్నచోట తేనె ముప్పావు కప్పు మించొద్దు, అడవి తేనె అయితే మూడింట రెండు వంతులు చాలు. తేనెకు పులుపు గుణం ఉంటుంది, నాలుకకు తెలియకపోయినా ఉంటుంది, దానికి విరుగుడుగా కప్పు తేనెకు పావు చెంచా వంట సోడా. అంతకన్నా ఎక్కువ వేస్తే సబ్బు వాసన వస్తుంది, నేను ఒకసారి అర చెంచా వేసి చూశాను. కొలిచే కప్పుకు ముందు నూనె రాసుకుంటే తేనె అంటుకోకుండా జారిపోతుంది. తూకం యంత్రం ఉంటే కప్పులే వద్దు, తూచుకోండి.

అందరూ ఆగిపోయేది వెన్న దగ్గర. వెన్న, చక్కెర కలిపి గిలకొట్టినప్పుడు ఆ చక్కెర పలుకులే వెన్నలోకి గాలిని దూర్చుతాయి, కేక్ పొంగేది దానివల్లే. తేనెకు పలుకులు లేవు, వెన్నలో ఎంతసేపు గిలకొట్టినా గాలి పట్టదు. కాబట్టి వెన్న కేకులు తేనెతో చేయకండి. నూనె కేకులు చేయండి, లేదంటే గుడ్లు, తేనె కలిపి బీటర్‌తో ఏడెనిమిది నిమిషాలు గట్టిగా కొట్టండి, పాలిపోయిన రంగు వచ్చి చిక్కటి నురగ అవుతుంది. ఈ ఒక్క పని తెలిశాక నా కేకులు మారిపోయాయి. అంతకుముందు రెండు నెలలు ఇటుకల్లా వస్తుంటే తప్పు పిండిది అనుకుని పిండి మార్చాను, టిన్ను మార్చాను, ఆఖరికి ఓటీజీ కూడా రిపేరుకు ఇచ్చాను.

బిస్కెట్లకు తేనె పనికిరాదు. ఉస్మానియా బిస్కెట్ తేనెతో చేద్దామని మూడుసార్లు ప్రయత్నించాను. ఓవెన్లోంచి తీసినప్పుడు బాగానే ఉన్నాయి, డబ్బాలో పెట్టిన మరునాడే మెత్తబడ్డాయి. తేనె గాలిలోని తేమను లాక్కుంటుంది, కేక్ మెత్తగా నిలవడానికి కారణమైన గుణమే బిస్కెట్‌ను పాడు చేస్తుంది. వానాకాలంలో అయితే సాయంత్రానికే సాగుతాయి. జొన్నపిండి బిస్కెట్లు మాత్రం వేరే. జొన్నకు జిగురు లేదు కాబట్టి చక్కెరతో చేస్తే పొడిపొడిగా రాలిపోతాయి, తేనె ఆ పిండిని పట్టి ఉంచుతుంది. వేయించి దంచిన పల్లీలు, జొన్నపిండి, కొంచెం నెయ్యి, అడవి తేనె, చిటికెడు ఉప్పు. కరకరలాడవు, మెత్తగా నములుకునేలా వస్తాయి. మా పాలమూరు పల్లీలకు, ఈ తేనెలోని వగరుకు ఎంత పొత్తు కుదిరిందంటే పిల్లల టిఫిన్ డబ్బాలో ఇప్పుడు ఇవే.

సీతాఫలాల కాలంలో ఇంకో దెబ్బ తిన్నాను. బాలానగర్ కాయలు మంచివి దొరికాయని గుజ్జంతా గింజలు తీసి, తేనె కలిపి, కేక్ పిండిలో వేశాను. పని మొత్తం రెండు గంటలు. కేక్ చేదుగా వచ్చింది. సీతాఫలం గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుందని అప్పుడు తెలిసింది, తప్పు తేనెది కాదు. ఇప్పుడు సాదా తేనె కేక్ చేసి, చల్లారాక పైన పచ్చి గుజ్జు, మీగడ వేస్తున్నాను. ఆ రుచి ఇంకే పండుతోనూ రాలేదు.

అన్నిటికన్నా బాగా కుదిరింది బత్తాయి తేనె కేక్. నల్లగొండలో మా పుట్టింటి చుట్టూ బత్తాయి తోటలే, అమ్మ సంచి నిండా పంపిస్తుంది. గోధుమపిండి 200 గ్రాములు, తేనె 170 గ్రాములు అంటే అర కప్పు, గుడ్లు రెండు, పల్లి నూనె కాకుండా వాసన లేని ఏదైనా నూనె మూడో వంతు కప్పు, పెరుగు పావు కప్పు, బత్తాయి రసం పావు కప్పు, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, వంట సోడా పావు చెంచా, చిటికెడు ఉప్పు. బత్తాయి పైతోలు మాత్రమే సన్నగా తురమండి, కింద తెల్లది తగిలితే చేదు. రసం పులుపు తేనె పులుపు రెండూ ఉన్నాయి కాబట్టి ఇక్కడ సోడా అర కప్పు తేనెకే పావు చెంచా వేశాను. గుడ్లు, తేనె ముందు నురగ కొట్టి, నూనె, పెరుగు, రసం కలిపి, పిండి చివర్న మెల్లగా తిప్పాలి. ఏడంగుళాల టిన్నులో 160 మీద 40 నుంచి 45 నిమిషాలు. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. చేసిన రోజు కాకుండా మరునాడు కోయండి, ఒక రాత్రి ఆగితే తేనె వాసన లోపలంతా సర్దుకుంటుంది.

ఇక అత్తమ్మ అడిగినదే చాలామంది అడుగుతారు, "తేనెను కాగబెడ్తరా ఎక్కడన్న, విషమైతదంటరు" అని. చరక సంహితలో ఆ మాట ఉంది, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అందుకే తేనెను వేడి పాలలో కూడా పోయనివ్వరు. నేను దాన్ని కొట్టిపారేయను. తేనె వేడెక్కితే హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది, అందుకే మన ప్రమాణాల్లో అమ్మే తేనెకు దాని మీద కిలోకు 80 మిల్లీగ్రాముల హద్దు ఉంది. కానీ అదే పదార్థం కాల్చిన రొట్టెలో, వేయించిన కాఫీ గింజల్లో కూడా ఉంటుంది, ఎప్పుడో ఒకసారి తినే కేక్ ముక్కకు అంత భయం అక్కర్లేదని నా నమ్మకం. అయితే ఒకటి మాత్రం ఖాయం, ఓవెన్లోకి వెళ్ళిన తేనెలో మందు గుణాలు ఉంటాయని ఆశ పెట్టుకోకూడదు, ఎంజైములు ఆ వేడికి నిలవవు, సువాసన సగం ఆవిరైపోతుంది.

అందుకే ఆరు నెలలుగా పద్ధతి మార్చాను. పిండిలో అడవి తేనె తక్కువ, అదీ రుచి నిలబడే అరటిపండు, అల్లం, జొన్న కేకుల్లోనే. బత్తాయి లాంటి సున్నితమైన కేక్‌కు పిండిలో వంద గ్రాములే పోసి, తగ్గిన తడికి ఇంకో రెండు చెంచాల పెరుగు కలిపి, మిగిలిన డెబ్బై గ్రాములూ పక్కన ఉంచుతాను. కేక్ బయటకు తీసి గోరువెచ్చగా అయ్యాక పుల్లతో చిన్న చిన్న రంధ్రాలు గుచ్చి, ఆ తేనెను రెండు చెంచాల బత్తాయి రసంలో కలిపి బ్రష్‌తో పైన పూస్తాను. తేనె ఉడకదు, అడవి వాసన మొత్తం పైనే ఉంటుంది, మొదటి ముక్క నోట్లో పెట్టగానే అదే తగులుతుంది. అత్తమ్మకు కూడా ఇది నచ్చింది, తేనెను కాచడం లేదు కదా అని.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె వద్దు, తేనె వేసిన కేక్ కూడా వద్దు. తేనెలో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, కేక్ లోపలి వేడి వంద డిగ్రీలు దాటదు, ఆ వేడికి అవి చావవు. పెద్దవాళ్ళ పేగులు తట్టుకుంటాయి, పసివాళ్ళవి తట్టుకోలేవు. మనలో పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు ఇంకా ఉంది, మా చెల్లెలి కొడుకు పుట్టినప్పుడు ఆస్పత్రిలో ఒక పెద్దావిడ సీసా తీసుకుని వస్తే నేనే బతిమాలి ఆపాను. ఆవిడ కొంచెం నొచ్చుకుంది, అయినా ఫర్వాలేదు.

కొనాలనుకునే వాళ్ళకు, చక్కెర డబ్బా ఇంట్లోంచి తీసేసి అన్నీ తేనెతోనే చేయాలనుకుంటే ఈ అడవి తేనె కొనకండి, ఖర్చు తట్టుకోలేరు, సగం వంటల్లో దాని గుణం కనిపించదు. నెలకు ఒకటి రెండు కేకులు, పిల్లలకు జొన్న బిస్కెట్లు, పొద్దున రొట్టెలోకి కాస్త, ఇంతే అయితే అర కిలో సీసా మా ఇంటికి సరిపోతోంది. చిన్న సీసా తీసుకుని ముందు చెంచాతో ఉత్తగా రుచి చూడండి, ఆ వగరు మీకు నచ్చకపోతే కేక్‌లోనూ నచ్చదు, లేత తేనెకే వెళ్ళండి. మా పెద్దోడికి మొదట్లో అసలు నచ్చలేదు, మూడు నాలుగు నెలలు పట్టింది.

ఈ ఆదివారం అత్తమ్మ పుట్టినరోజు. బత్తాయి కేక్ శనివారం రాత్రే చేసి పెడతాను. ఆమె ముక్క ఎంత ఉండాలో ఆమే చెప్పింది, అగ్గిపెట్టె అంత, పైన తేనె పూసిన వైపు నుంచి.